రేగుచెట్టు సరాయ్‌లో తిలంగాలు

బేర్ అంటే హిందీలో రేగుపండు. సరాయ్ అంటే సత్రం. 2004 జూన్‌లో డిగ్రీ అయిపోయి, ఒక ట్రంకుపెట్టెతో నేను బేర్ సరాయ్‌లో దిగేసరికి అక్కడ రేగుచెట్టు ఒక్కటీ కంటపడలేదు. ఊరు మాత్రం సత్రంలాగే ఉంది. ఒక పక్క ఐఐటీ, ఒక పక్క జేఎన్‌యూ పాత క్యాంపస్, నడుమ లాల్ డోరా లోపల ఒకదాని మీద ఒకటి లేచిన గదులు. పాత రెవెన్యూ పటాల్లో ఊరి నివాసస్థలం చుట్టూ గీసిన ఎర్ర గీతను లాల్ డోరా అంటారు. ఆ గీతలోపల నగరం కట్టడి అంతగా ఉండదు కాబట్టి మేడమీద మేడ లేచింది. కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటి కిటికీ ఊచ అందేది.

వీధిలో సగం పుస్తకాల కొట్లు, సగం జిరాక్సు కొట్లు. కొత్తగా కనబడ్డవాణ్ణి ఆ ఊళ్ళో పేరు తర్వాత అడిగేవారు. ముందడిగేది, "ఏం రాస్తున్నావ్?" సివిల్స్, గేట్, ఐఈఎస్, జేఆర్‌ఎఫ్. మాది సీడీఎస్. కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెట్టేది. సివిల్స్ వాళ్ళతో పోలిస్తే మేం గుప్పెడుమందిమి. తెల్లారకుండా లేచి పరిగెత్తేది మేమే కాబట్టి వీధికుక్కలకు బాగా తెలిసినవాళ్ళం కూడా మేమే.

నా రూమ్మేటు అనకాపల్లి వాడు, బెల్లం వ్యాపారి కొడుకు. వాడికి పైలట్ కావాలని. వచ్చిన వారానికే గోడకు ఆనుకుని కూర్చుని, కాళ్ళు చాపి, "ఒరే మావా, కొలవరా" అని టైలరు టేపు నా చేతికిచ్చాడు. పైలట్‌కు ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి, కాలి పొడవు 99కి తగ్గకూడదు. తొంభైతొమ్మిదిన్నర వచ్చింది. నమ్మకం కుదరక మూడుసార్లు కొలిపించాడు. ఆ రాత్రి మెస్సులో నా ప్లేటు డబ్బులు వాడే ఇచ్చాడు.

ఈ కొలతల చరిత్ర మా ఇంట్లోనూ ఉంది. మా తాత 1942లో విజయనగరం దగ్గర పల్లె నుంచి వెళ్ళి పటాలంలో చేరాడు. ఆయన చెప్పేది ఒకటే: "ఛాతీ కొలిచారు, ఊపిరి పీల్చమని మళ్ళీ కొలిచారు, పళ్ళు చూశారు, కులం అడిగి రాసుకున్నారు." చదువు వచ్చా అని ఎవరూ అడగలేదట. తాత ఆ మాట ఫిర్యాదుగా చెప్పేవాడు కాదు. చిన్నప్పుడు నేనూ అందులో వింతేమీ చూడలేదు.

వింత ఏమిటో బేర్ సరాయ్‌లో తెలిసింది. జేఎన్‌యూలో చరిత్రలో పరిశోధన చేస్తున్న మా జిల్లా అన్న ఒకాయన సాయంత్రాలు టీకి వచ్చేవాడు. మేం సిపాయి ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటుంటే ఒకరోజు అన్నాడు: "ఈ ఊళ్ళో ఒకప్పుడు సిపాయిని ఏమనేవారో తెలుసా? తిలంగా." నేను నమ్మలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. 1756లో క్లైవు బెంగాల్ మీదికి వెళ్ళినప్పుడు మద్రాసు నుంచి తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. వాళ్ళను అక్కడివాళ్ళు తెలింగాలన్నారు. తర్వాత కంపెనీ అవధ్ వైపు బ్రాహ్మణుల్నీ, రాజపుత్రుల్నీ చేర్చుకున్నా ఎర్రకోటు వేసుకున్న ప్రతివాడికీ ఆ పేరే నిలిచిపోయింది. 1857 మే 11న మీరట్ నుంచి తిరుగుబాటు సిపాయిలు యమున దాటి ఢిల్లీలోకి వచ్చినప్పుడు నగరం వాళ్ళను పిలిచింది తిలంగాలనే. వాళ్ళలో తెలుగు ముక్క వచ్చినవాడు ఉన్నాడో లేదో గాని, పేరు మాత్రం మనదే.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సిపాయి అన్న మాటకు బదులుగా మన జాతి పేరే వాడిన నగరంలో, ఇప్పుడు ఇంగ్లీషు పేపరు గట్టెక్కుతుందా లేదా అని నేను బెంగపడుతున్నాను. ఈ రెంటి మధ్యా ఏం జరిగింది?

జరిగింది ఒక జాబితా. 1857 తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఎవరు యుద్ధానికి పుట్టారు, ఎవరు పుట్టలేదు అని జాతుల్ని విడదీశారు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా, ఆ వెంటనే 1893 దాకా మొత్తం భారత సైన్యానికే సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఆ వాదానికి పెద్ద దిక్కు. దక్షిణాదివాళ్ళు చాలాకాలం యుద్ధం చూడక మెత్తబడ్డారనీ, ఉత్తరాది, వాయవ్య జాతుల ముందు నిలవరనీ ఆయన నమ్మకం. తెలుగువాళ్ళ చేరిక క్రమంగా ఆగింది. మద్రాసు పదాతి దళాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి, 1928 నాటికి మద్రాసు రెజిమెంటే లేకుండా పోయింది. మిగిలింది ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1941లో రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. మా తాత చేరింది ఆ తెరుచుకున్న తలుపులోంచి.

అంతకు ముందూ ఆ తలుపు సందులోంచి దూరినవాళ్ళు లేకపోలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటేనే తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఆ ఊరి నుంచి ఇంటికొకడు చొప్పున పటాలానికి వెళ్తూనే ఉన్నారు. జాబితా రాసినవాడు ఆ ఊరు చూడలేదనుకుంటాను.

నేను గట్టిగా నమ్మేది చెబుతాను. సైన్యంలో మార్కులు వచ్చాకే తెలుగు పిల్లవాణ్ణి "నువ్వెవరివి" అని గాక "నీకేం వచ్చు" అని అడగడం మొదలైంది. ఆ మార్కుల వల్ల నేను రెండుసార్లు వెనక్కి వచ్చాను. అయినా ఈ మాట మార్చుకోను.

అధికారుల ఎంపికలో అది 1932లో చిన్నగా మొదలైంది. డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలటరీ అకాడమీ తెరిచినప్పుడు మొదటి బ్యాచిలో 40 మంది. అందులో 15 మంది సైన్యంలోంచి, 10 మంది సంస్థానాల సేనల్లోంచి, మిగిలిన 15 మంది బహిరంగ పోటీ పరీక్షలోంచి వచ్చారు. ఆ పదిహేను సీట్లే మా బేర్ సరాయ్ గదులకు ముత్తాతలు.

రెండో అడుగు రెండో ప్రపంచ యుద్ధం వేయించింది. బ్రిటన్‌లో అధికారులను పెద్దింటి బిడ్డా, ఏ బడిలో చదివాడు అని చూసి తీసుకునేవారు. అలా తీసుకున్నవాళ్ళలో చాలామంది శిక్షణలో నిలబడలేదు. 1942లో వార్ ఆఫీస్ సెలెక్షన్ బోర్డులు పెట్టి మానసిక వైద్యులను కూర్చోబెట్టారు. వాళ్ళలో విల్‌ఫ్రెడ్ బియాన్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు: ఎనిమిదిమందికి ఒక పని ఇవ్వండి, నాయకుడెవరో చెప్పకండి, పక్కన నిలబడి చూడండి. ఈ బియాన్ పుట్టింది మథురలో, 1897లో. బేర్ సరాయ్ నుంచి మూడు గంటల ప్రయాణం. మరుసటి ఏడాదే, 1943లో, ఆ పద్ధతిలో మొదటి బోర్డు డెహ్రాడూన్‌లో వెలిసింది. ఇప్పటికీ సర్వీసెస్ సెలెక్షన్ బోర్డుకు వెళ్ళినవాడు చెస్ట్ నంబరు కట్టుకుని, దుంగలూ తాళ్ళూ పట్టుకుని, తోటివాళ్ళతో కలిసి లేని కాలువ దాటుతాడు. ఆ పక్కనే ఒక అధికారి మాట్లాడకుండా నిలబడి రాసుకుంటూ ఉంటాడు. ఆ నిలబడటం బియాన్‌దే.

స్వతంత్రం వచ్చాక ఈ పరీక్షలను మనవిగా చేసుకునే పని 1949లో సైకలాజికల్ రీసెర్చ్ వింగ్‌కు అప్పజెప్పారు. 1982 నుంచి దాని పేరు డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకలాజికల్ రీసెర్చ్. అది ఉన్నది ఢిల్లీలోనే, ఉత్తరం కొసన తిమార్‌పూర్‌లో. దక్షిణం కొసన గదుల్లో మేం కుస్తీ పట్టే పరీక్షలకు పుట్టిల్లు అదన్నమాట.

లెక్క ఎలా నడిచేదో చెప్పాలి, ఎందుకంటే మార్కు ఎక్కడ తలుపు తెరుస్తుందో ఎక్కడ వేస్తుందో అక్కడే ఉంది. సీడీఎస్‌లో మూడు పేపర్లు: ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్, లెక్కలు, తలా నూరు. ఐఎంఏకీ నేవీకీ ఎయిర్‌ఫోర్స్‌కీ మూడూ రాయాలి. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి లెక్కలు అక్కర్లేదు. నేవీకి బీఏ చాలదు, ఎయిర్‌ఫోర్స్‌కు ఇంటర్లో ఫిజిక్సూ లెక్కలూ ఉండాలి. అందుకే శ్రీకాకుళం బీఏ అబ్బాయికి పరీక్ష రాయకముందే నాలుగు దారుల్లో రెండు మూసుకుపోయేవి. రాతపరీక్ష గట్టెక్కితే బోర్డుకు పిలుపు. అక్కడ రాతపరీక్షకు ఎన్ని మార్కులో మళ్ళీ అన్ని. కానీ ఆ మార్కుల దాకా వెళ్ళాలంటే మొదటిరోజే ఓఐఆర్ అనే తెలివితేటల పరీక్ష. అందులో ఒకటి నుంచి అయిదు దాకా రేటింగు, ఒకటి మేలు. దానితోపాటు మసక బొమ్మ ఒకటి ముప్ఫై సెకన్లు చూపించి కథ రాయమంటారు, తర్వాత చెప్పమంటారు, చర్చించమంటారు. మధ్యాహ్నానికి చెస్ట్ నంబర్లు చదువుతారు. చదవని నంబర్లవాళ్ళకు బస్సు సిద్ధంగా ఉంటుంది, స్టేషనుకు. మొదటిసారి వచ్చినవాళ్ళయితే రైలు ఛార్జీ చేతిలో పెట్టేవారు.

మొదటిసారి నేను ఆ బస్సెక్కాను. రెండోసారి అయిదు రోజులూ ఉన్నాను. ఆ అయిదు రోజుల్లో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టేది వర్డ్ అసోసియేషన్ పరీక్ష. చీకటి గది. తెర మీద మాట వస్తుంది, పదిహేను సెకన్లలో వాక్యం రాయాలి, గంట మోగుతుంది, మరో మాట. అలా అరవై. 'భయం' అనే అర్థమున్న ఇంగ్లీషు మాట వచ్చింది. నాకు వెంటనే మా అమ్మ మాట ఒకటి మెదిలింది, చీకట్లో వెళ్ళేవాడికి భయం కన్నా దారే ముఖ్యమని. చక్కటి వాక్యం. దాన్ని ఇంగ్లీషులోకి దించుతుండగా గంట మోగింది. కాగితం మీద సగం వాక్యం మిగిలింది. అలాంటి సగం వాక్యాలు నావి పదకొండు. లెక్కపెట్టుకున్నాను. హిందీలో రాసినా ఒప్పుకునేవారు. తెలుగుకు ఆ గదిలో చోటు లేదు. చివరిరోజు కాన్ఫరెన్సు అయ్యాక చదివిన నంబర్లలో నాది లేదు. అధికారికి ఉండాల్సిన గుణాలు పదిహేను అంటారు. ఆ పదకొండు సగం వాక్యాల్లో అవి ఎన్ని కొట్టుకుపోయాయో అని చాలా రోజులు ఆలోచించాను. కులం అడగని పరీక్ష భాష అడిగింది. ఇది నా ఒక్కడి బాధ కాదు. బేర్ సరాయ్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన ప్రతివాడూ టీ గ్లాసు మీద ఏదో ఒక రాత్రి దీన్నే తలుచుకునేవాడు.

నా రూమ్మేటుది ఇంకో కథ. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ కావాలంటే బోర్డులో పైలట్ ఆప్టిట్యూడ్ బ్యాటరీ టెస్టు ఉండేది, పీఏబీటీ. అది జీవితంలో ఒక్కసారే. సెలెక్షన్ బోర్డుకు వయసున్నంతకాలం ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చు. పీఏబీటీ తప్పితే మరి విమానం నడపడానికి ఆ మనిషి పేరు ఎప్పటికీ పరిశీలించరు. మొదట కాగితం మీద: విమానం డయళ్ళ బొమ్మలు, దిక్సూచి ఇలా ఉంది, దిగంతరేఖ అలా ఉంది, విమానం ఎటు తిరిగింది? తర్వాత యంత్రాలు. ఒకదాని ముందు కూర్చుంటే తెర మీద చుక్క ఒకటి కుదురుగా నిలవదు. చేత్తో కర్ర, కాళ్ళతో పెడళ్ళు కదిపి దాన్ని మధ్యలోని చదరంలో నిలపాలి. అది చాలదన్నట్టు లైట్లు వెలుగుతాయి, శబ్దం వస్తుంది, వాటినీ ఆర్పాలి. ఇంకోదానిలో వంకరటింకరగా కిందికి జారే చుక్కలను వెంబడించాలి.

వాడు దీన్ని మా గదిలోనే కట్టాడు. చీపురుకట్ట తీసి ట్రంకుపెట్టె మీద తాడుతో నిలబెట్టాడు. ఇంటాయన వరండాలోంచి రెండు ఇటుకలు తెచ్చి కాళ్ళకింద పెట్టుకున్నాడు. నేను గోడమీద సుద్దతో చదరం గీసి, చేతిలో చిన్న టార్చి పట్టుకుని వెలుగుచుక్కను ఆడిస్తూ ఉండాలి. "ఎడమ, ఎడమ, పైకి" అని వాడు అరుస్తూ చీపురుకట్ట తిప్పుతుంటే, ఆ కదలిక చూసి నేను చుక్కను లోపలికి తెచ్చేవాణ్ణి. మధ్యమధ్య నేను పళ్ళెం మీద చెంచాతో కొడితే వాడు మోకాలితో పెట్టెను తన్నాలి, అదే శబ్దం ఆర్పడం. రెండు నెలలు ఇదే మా రాత్రి భోజనం తర్వాతి పని. పక్క గది సివిల్స్ అన్న వచ్చి తలుపు కొట్టి, చూసి, ఏమీ అనకుండా కూర్చుని చెంచా అందుకున్నాడు.

వాడు తప్పాడు. తిరిగొచ్చిన రోజు గోడమీది చదరాన్ని తడిగుడ్డతో తుడిచాడు. సుద్ద పోయింది గాని గీతల మరక పోలేదు.

ఒక్కసారే ఎందుకు అన్నదానికి వాళ్ళు చెప్పే కారణం ఉంది. చెయ్యీ కాలూ కన్నూ ఒక్కటిగా కదిలే పుట్టుకతో వచ్చిన నేర్పు అందులో కొలుస్తారు. రెండోసారి కూర్చుంటే తెలిసేది నేర్పు కాదు, అలవాటు. కారణం నాకు అర్థమవుతుంది. కానీ ఇరవై రెండేళ్ళవాడి మీద ఒక్క ఉదయానికి అంత బరువు పెట్టడం నేను కళ్ళారా చూశాను, అది నాకు సమ్మతం కాదు.

పోల్చి చూడటానికి అమెరికా ఉంది. ఆప్టిట్యూడ్ మార్కుతో సైన్యాన్ని కూర్చడం పెద్దఎత్తున మొదలైంది అక్కడే. 1917లో రాబర్ట్ యెర్కీస్ అనే మనస్తత్వవేత్త చదువు వచ్చినవాళ్ళకు ఆల్ఫా, రానివాళ్ళకు బొమ్మలతో బీటా అని రెండు పరీక్షలు తయారుచేస్తే, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి సుమారు 17 లక్షల మంది రాశారు. ఏ నుంచి ఈ దాకా అక్షరం ఇచ్చారు. ఇప్పుడక్కడ ఆస్వాబ్ అనే పరీక్ష. 1976 నుంచి అన్ని దళాలకూ అదే. టెక్సస్‌లో ఉన్న మా పెద్దమ్మ మనవడు దాన్ని హైస్కూల్లోనే ఉచితంగా రాశాడు. అందులో ఒక మార్కు సైన్యంలో చేరొచ్చా లేదా చెబుతుంది, వేరే కూడికలు ఏ పనికి అర్హుడో చెబుతాయి: మెకానిక్కా, ఎలక్ట్రానిక్సా, అధికారి శిక్షణా. నచ్చకపోతే నెల ఆగి మళ్ళీ రాయొచ్చు, ఇంకో నెల ఆగి ఇంకోసారి, ఆ తర్వాత ఆరేసి నెలలకు. అక్కడా పొరపాట్లు జరిగాయి. 1976 నుంచి 1980 దాకా మార్కుల లెక్కకట్టే కొలబద్దే తప్పుగా ఉండి, తక్కువ వచ్చినవాళ్ళు కూడా సగటువాళ్ళుగా తేలి వేలకు వేలమంది చేరిపోయారు. తప్పు బయటపడ్డాక సరిదిద్దుకున్నారు. అక్కడ యంత్రం తప్పినా, మనిషి తప్పినా రెండో అవకాశం ఉంది.

రూమ్మేటు ఏడుస్తూ కూర్చోలేదు. పీఏబీటీ మూసింది ఆకాశాన్నే, నేలను కాదు. అదే సీడీఎస్ మళ్ళీ రాసి, మరో బోర్డులో నెగ్గి చెన్నై ఓటీఏకు వెళ్ళాడు. నేను విజయనగరం తిరిగొచ్చి లెక్కల మాస్టారునయ్యాను. మా ఊరికి దగ్గర్లోనే కోరుకొండ సైనిక్ స్కూలు, 1962 నుంచి ఉంది. సూర్యాపేట నుంచి బడి వయసులో అక్కడికి వచ్చి చదివిన సంతోష్‌బాబు నేషనల్ డిఫెన్స్ అకాడమీ మీదుగా కర్నల్ అయి బిహార్ రెజిమెంటు 16వ బెటాలియనుకు కమాండింగ్ ఆఫీసరయ్యాడు. 2020 జూన్ 15న చైనా సరిహద్దు గల్వాన్‌లో ఆ దళం ముందు నిలబడి ప్రాణమిచ్చాడు. ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించినప్పుడు నాకు రాబర్ట్స్ జాబితా గుర్తొచ్చింది. బిహార్ రెజిమెంటు సిపాయిలకు ఒక తెలుగువాడు నాయకుడు. పాత మాటలోనే చెప్పాలంటే తిలంగా.

సిపాయి స్థాయిలో మార్కులకు ఈ పెద్దపీట ఆలస్యంగా వచ్చింది. మా పల్లెల్లో ఇప్పటికీ ఆర్మీ అంటే 1.6 కిలోమీటర్ల పరుగు. ముందు పరుగు, చివర రాతపరీక్ష ఉండేది. 2022లో సిపాయిల చేరికను మార్చిన అగ్నిపథ్ పథకం వచ్చింది, దాని మీది నిరసనల్లో ఆ జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్లో మంటలు లేచాయి, ఒక పిల్లవాడి ప్రాణం పోయింది. 2023 నుంచి వరస తిరగబడింది: ముందు కంప్యూటర్ మీద పరీక్ష, నెగ్గితేనే గ్రౌండ్. జనరల్ డ్యూటీకి నూటికి 35 చాలు. క్లర్కుకు 200కి 80 రావాలి, అందులో సగం పేపరు ఇంగ్లీషే, ఆ భాగంలో విడిగా 32 రావాలి. ఒకే మైదానంలో పక్కపక్కన పరిగెత్తే ఇద్దరిలో ఎవడు తుపాకీ పడతాడో ఎవడు దస్త్రం పడతాడో ఆ 32 తేలుస్తుంది. 2025లో ఈ పరీక్ష తెలుగులో రాసే వీలు వచ్చింది, పదమూడు భాషల్లో ఒకటిగా. ఆ కబురు విన్న సాయంత్రం నేను ట్యూషన్ మధ్యలో ఆపి పిల్లలకు స్వీట్లు తెప్పించాను. ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు.

మొన్న డిసెంబరులో ఢిల్లీ పెళ్ళికి వెళ్ళి బేర్ సరాయ్ చూసొచ్చాను. వీధి ఇరుకు అంతే ఉంది, గదులు ఇంకో అంతస్తు పైకి లేచాయి. మా జిరాక్సు కొట్టు ముందు తూర్పుగోదావరి అమ్మాయి ఒకతె ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే ఆగాను. బీటెక్ ఆఖరి ఏడాది, ఎయిర్‌ఫోర్స్ ఏఎఫ్‌క్యాట్‌కు కడుతోందట. 300 మార్కుల పరీక్ష, ఫ్లయింగ్ బ్రాంచి పెట్టుకుంది. పీఏబీటీ ఇప్పుడు లేదు, దాని చోట కంప్యూటర్ మీద సీపీఎస్‌ఎస్ వచ్చింది. అదీ జీవితంలో ఒక్కసారే. "అంకుల్, ఈ ఫారం ఒకసారి చూడరా, తప్పులుంటే" అంది. పేరు, పుట్టినతేదీ, ఎత్తు చూశాను. ఇంతకుముందు పీఏబీటీలో గాని సీపీఎస్‌ఎస్‌లో గాని తప్పారా అని ఒక ప్రశ్న ఉంది. ఆమె 'లేదు' అని పెట్టింది. అక్కడ నా వేలు కాసేపు ఆగింది.

"ఏమైనా తప్పుందా అంకుల్?"

"లేదమ్మా. కాలి పొడవు కొలిపించుకున్నావా?"

"మూడుసార్లు" అంది.